మిల్లీవాటు పనికి వాట్ల బేరం

నెల్లూరుకు ఆగ్నేయంగా, సముద్రానికి చేరువలో ముత్తుకూరు ఉన్నది. ఆ మండలంలోని నేలటూరు వద్ద దామోదరం సంజీవయ్య తాపవిద్యుత్ కేంద్రం ఉన్నది. అందులో ఒక్కొక్క యూనిట్టు సామర్థ్యం 800 మెగావాట్లు. ఈ సంఖ్యతో ఒక చిన్న లెక్క వేయవచ్చును. చెవికి తగిలించుకొనే హెడ్‌ఫోను బిగ్గరగా పలకటానికి ఒక మిల్లీవాటు, అనగా వాటులో వెయ్యో వంతు, చాలుననుకొంటే, ఒక్క యూనిట్టులో పుట్టే విద్యుత్తు 80,000 కోట్ల హెడ్‌ఫోనులకు సరిపోతుంది. భూమిమీది జనాభా సుమారు 800 కోట్లు. కావున తలకు వంద హెడ్‌ఫోనులు పంచిపెట్టినా ఆ ఒక్క యూనిట్టే వాటన్నిటినీ పాడించగలదు.

ఇంత స్వల్పమైన శక్తితో జరిగే పనికి నేడు వాట్ల లెక్కన బేరం జరుగుతున్నది. మంచి హెడ్‌ఫోను కొన్న విద్యార్థికి మొదట వినబడే సలహా, దానికి తగిన ఆంప్లిఫయరు లేకపోతే ఆ హెడ్‌ఫోను వృథా అని. ఆ ఆంప్లిఫయరు అట్టపెట్టెమీద అన్నిటికంటె పెద్ద అక్షరాలలో ఉండేది వాట్ల సంఖ్య. ఒక వాటు ఉన్నదానికంటె రెండు వాట్లది మేలనీ, రెండుకంటె నాలుగు మేలనీ కొనేవాడు అనుకొంటాడు. అమ్మేవాడు కాదనడు. రెండు వేలు పెట్టి హెడ్‌ఫోను కొన్నవాడు ఈ మాట నమ్మి మరొక నాలుగైదు వేలు ఖర్చు చేస్తాడు. ఈ నమ్మకంలో నిజమెంతో చూడటానికి పదవ తరగతిలో చెప్పే ఓము సూత్రమూ, కొంచెం గుణకారమూ వస్తే చాలును.

వాట్లను గౌరవించే అలవాటు ఊళ్ళలోకి మైకు సెట్టుతో వచ్చింది. తిరునాళ్ళకు గాని పెళ్ళికి గాని మైకు సెట్టు మాట్లాడుకొనేటప్పుడు ఎన్ని వాట్లదని అడగటం సహజమే, సమంజసమే. కొబ్బరిచెట్టుకు కట్టిన హారను స్పీకరు ఊరి గాలినంతా కదిలించవలెను. ఒక హారను ఒక వాటు శక్తితో ఒక మీటరు దూరాన 105 డెసిబెలుల ధ్వని ఇస్తుందనుకొంటే, 30 వాట్లు ఇచ్చినప్పుడు అదే దూరాన సుమారు 120 డెసిబెలులు వస్తాయి. దూరం రెట్టింపయిన ప్రతిసారీ 6 డెసిబెలులు తరిగిపోతాయి. 30 మీటర్ల అవతల కూర్చున్నవానికి మిగిలేది 90 మాత్రమే. ధ్వనిశక్తిలో అధికభాగం ఎవరి చెవిలోనూ పడకుండా పొలాలమీదుగా పోతుంది. కనుక అక్కడ వాట్లు కావలెను.

హెడ్‌ఫోను సంగతి వేరు. చెవి కాలువలో ఉండే గాలి ఒకటి రెండు ఘన సెంటీమీటర్లకు మించదు. ఇయర్‌ఫోను ఆ కాలువ ముఖద్వారాన్ని మూసి కూర్చుంటుంది. దానిలోని పలుచని పొర ఆ కాస్త గాలిని నొక్కి వదిలితే చాలును. ధ్వని ఎక్కడికీ చెదరిపోయే వీలు లేదు. కర్ణభేరి వైశాల్యం చదరపు సెంటీమీటరులో సగానికి కొంచెం ఎక్కువ. 90 డెసిబెలుల ధ్వని, అనగా రోడ్డుమీద లారీ హోరు వంటిది, చదరపు మీటరుకు ఒక మిల్లీవాటు చొప్పున శక్తిని మోసుకొని వస్తుంది. అందులో కర్ణభేరి వాటాకు వచ్చేది వాటులో కోటివ వంతు కూడా కాదు. హెడ్‌ఫోనుకు ఇచ్చిన మిల్లీవాటులో కూడా చాలాభాగం తీగచుట్టలో వేడిగా మారిపోతుంది గాని చెవికి చేరదు. మైకు సెట్టును కొలిచే కొలబద్దతో హెడ్‌ఫోనును కొలవటం, సముద్రాన్ని కొలిచే మానికతో ఉగ్గుపాలు కొలవటం వంటిది.

ఇది కొత్తగా తెలిసిన విషయం కాదు. నెల్లూరు జిల్లా మద్రాసు రాజధానిలో భాగంగా ఉన్న రోజులలోనే దీనికి గొప్ప నిదర్శనం దొరికింది. 1924 మే 16న మద్రాసులో మద్రాస్ ప్రెసిడెన్సీ రేడియో క్లబ్బు ఏర్పడింది. ఆ ఏడు జూలై 31న అది ప్రసారాలు ఆరంభించింది. దాని ట్రాన్స్‌మిటరు శక్తి మొదట 40 వాట్లు. నేడు ఇంటిలో వెలిగే పాతకాలపు బల్బుకంటె ఎక్కువ కాదు. ఆ నలభై వాట్లు ఏరియలునుంచి బయలుదేరి నగరమంతా పరచుకొన్నాయి. వినేవారిలో ఎందరో స్ఫటికపు సెట్టు పెట్టుకొన్నవారు. ఆ సెట్టులో బ్యాటరీ లేదు, ఆంప్లిఫయరు అసలే లేదు. ఇంటిపై కట్టిన తీగలో చిక్కిన శక్తినే గెలీనా అనే సీసపు ఖనిజపు ముక్క ఒక దిశలో పోనిచ్చి హెడ్‌ఫోనుకు అందించేది. ఇట్టి స్ఫటికాన్ని విద్యుత్తరంగాలను పసికట్టటానికి వాడే పద్ధతిపై జగదీశ్ చంద్ర బోసుకు 1904లోనే అమెరికాలో పేటెంటు లభించింది.

ఆ తీగలో చిక్కిన శక్తి ఎంత? మైక్రోవాట్లలో చెప్పుకోవలసినది. మిల్లీవాటులో వెయ్యో వంతు మైక్రోవాటు. దానితోనే మాటలూ పాటలూ చెవికి తెలిసేవి. నేటి నాలుగు వాట్ల హెడ్‌ఫోను ఆంప్లిఫయరు, ఒక నగరానికంతటికీ పాటలు వినిపించిన ఆనాటి కేంద్రపు శక్తిలో పదో వంతును ఒక్క తలకు ధారపోయటానికి సిద్ధంగా ఉన్నది! ఆ క్లబ్బు తరువాత 200 వాట్ల ట్రాన్స్‌మిటరు పెట్టుకొన్నది గాని, డబ్బు చాలక 1927లో మూతపడింది. వాట్లు చాలక కాదు.

అయితే ఇక్కడ ఒక న్యాయమైన ఆక్షేపణ ఉన్నది. ఆనాటి హెడ్‌ఫోను మాటలు వినటానికి తయారైనది. వెంట్రుకవంటి రాగితీగను వేలకొలది చుట్లు చుట్టి, ఇనుపరేకును అయస్కాంతానికి అతి దగ్గరగా బిగించి, కొద్దిపాటి పౌనఃపున్యాలవద్ద అది గట్టిగా మోగేటట్లు చేసేవారు. మృదంగపు తొప్పి నాదమూ, తాళాల చివరి గలగలా అందులో వినబడేవి కావు. ఈనాటి హెడ్‌ఫోను 20నుంచి 20,000 హెర్ట్‌జుల వరకు సమానంగా పలకవలెనని కోరుతారు. పలుచని పొరను ఏ ఒక్క స్థాయివద్దా ఎక్కువ మోగనీయకుండా అదుపులో ఉంచటానికి కొంత శక్తిని ఖర్చు చేయక తప్పదు. నాటి మైక్రోవాట్లు నేటికి మిల్లీవాట్లు కావటంలో విడ్డూరం లేదు. మిల్లీవాట్లు వాట్లు కావటానికే కారణం చూపవలసి ఉన్నది.

హెడ్‌ఫోను పెట్టెమీదనో, దానితో వచ్చే కాగితంమీదనో చిన్న అక్షరాలలో ఒక అంకె ఉంటుంది. ఒక మిల్లీవాటు ఇస్తే గాని, ఒక వోల్టు ఇస్తే గాని ఎన్ని డెసిబెలుల ధ్వని వస్తుందో అది చెపుతుంది. దీనిని సూక్ష్మగ్రాహ్యత అనవచ్చును. కొనేవాడు చూడవలసిన మొదటి అంకె ఇదే. ఎవరూ చూడని అంకె కూడా ఇదే. డెసిబెలు సంవర్గమానపు కొలత. శక్తి రెట్టింపయితే 3 డెసిబెలులు పెరుగుతాయి, పదిరెట్లయితే 10, వందరెట్లయితే 20. చెవికి రెండింతలు బిగ్గరగా తోచాలంటే సుమారు 10 డెసిబెలులు పెరగవలెను, అనగా శక్తి పదిరెట్లు కావలెను. ఒక వాటు ఆంప్లిఫయరు మార్చి రెండు వాట్లది తెచ్చుకొన్నవానికి గరిష్ఠంగా దక్కేది 3 డెసిబెలులు. అది పోల్చి వింటే తెలుస్తుంది, లేకుంటే లేదు.

ఒక ప్రసిద్ధమైన హెడ్‌ఫోనును తీసుకొని చూడవచ్చును. జర్మనీకి చెందిన సెన్‌హైజర్ కంపెనీ 2003లో విడుదల చేసిన హెచ్.డి. 650 అవరోధం 300 ఓములు. ఒక వోల్టు ఇస్తే 103 డెసిబెలులు పలుకుతుందని తయారీదారు చెపుతాడు. ‘దీనిని పాడించటం కష్టం’ అని పేరుపడిన హెడ్‌ఫోనులలో ఇది ఒకటి. ఒక వోల్టును వర్గం చేసి 300తో భాగిస్తే 3.3 మిల్లీవాట్లు. ఆ మాత్రానికే 103 డెసిబెలులు వస్తున్నవి. పాటలోని అత్యంత తీవ్రమైన దరువుకు 110 డెసిబెలులు కావలెననుకొన్నా మరి 7 డెసిబెలులు, అనగా శక్తి అయిదురెట్లు, సుమారు 17 మిల్లీవాట్లు. ఎవరైనా పట్టుబట్టి 115 కావలెనంటే 53 మిల్లీవాట్లు. 120 అంటే, అది చెవికి నొప్పి పుట్టే స్థాయి, 167 మిల్లీవాట్లు. పేరుమోసిన ‘కష్టమైన’ హెడ్‌ఫోనుతో చెవి నొప్పి పుట్టించటానికి కూడా వాటులో ఆరో వంతు చాలును.

ఈ ‘కష్టం’ అన్న పేరు ఎట్లా వచ్చింది? 300 అనే సంఖ్యను చూసి వచ్చింది. ఓములు ఎక్కువైతే శక్తి ఎక్కువ కావలెనన్న అపోహ ఉపాధ్యాయులు తరగతిలో సరిదిద్దదగినది. సూక్ష్మగ్రాహ్యత సమానమైన రెండు హెడ్‌ఫోనులు, ఒకటి 32 ఓములది, మరొకటి 300 ఓములది అనుకొంటే, ఒక మిల్లీవాటుకు రెండూ ఒకే బిగ్గరతో పలుకుతాయి. మొదటిదానికి ఆ మిల్లీవాటు అందించటానికి 0.18 వోల్టు, 5.6 మిల్లీఆంపియర్లు కావలెను. రెండవదానికి 0.55 వోల్టు, 1.8 మిల్లీఆంపియర్లు. శక్తి ఒకటే; దానిని అందించే తీరు వేరు. ఎక్కువ ఓముల హెడ్‌ఫోను వోల్టేజిని కోరుతుంది, తక్కువ ఓములది ప్రవాహాన్ని కోరుతుంది. నేటి ఫోనులకు తగిలించే చిన్న అడాప్టర్లలో అనేకం సుమారు ఒక వోల్టు ఇస్తాయి. ఆ వోల్టుతో 32 ఓముల హెడ్‌ఫోనుకు 31 మిల్లీవాట్లు చేరితే, 300 ఓములదానికి మూడు మిల్లీవాట్లే చేరుతాయి. అందువల్ల రెండవది కొంచెం మెల్లగా పలుకుతుంది. దానికి మందు రెండు మూడు వోల్టులు ఇవ్వగల పరికరమే గాని, రెండు మూడు వాట్లు ఇవ్వగలది కాదు. అమ్మకపు పెట్టెమీద వోల్టులు పెద్ద అక్షరాలలో ఉండవు. ఉంటే సంఖ్య చిన్నదిగా కనబడుతుంది మరి.

వాట్లు నిజంగా అవసరమైన హెడ్‌ఫోను ఒక్కటీ లేదని చెప్పటం కూడా తప్పే అవుతుంది. చైనాకు చెందిన హైఫైమ్యాన్ కంపెనీ తయారుచేసిన హెచ్.ఇ. 6 అట్టిది. దానిలో తీగచుట్టకు బదులు విశాలమైన పలుచని పొరపై లోహపు దారులు పరచి, ఆ పొరను అయస్కాంతాల నడుమ నిలుపుతారు. అవరోధం 50 ఓములు. సూక్ష్మగ్రాహ్యత మిల్లీవాటుకు 83.5 డెసిబెలులు మాత్రమే. దానిని 110 డెసిబెలులకు తీసుకొని పోవటానికి సుమారు 450 మిల్లీవాట్లు, 115కు 1.4 వాట్లు కావలెను. ఇది మినహాయింపు. మినహాయింపుగానే అది పేరు తెచ్చుకొన్నది. ఇట్టి ఒకటి రెండు హెడ్‌ఫోనులను చూపి, రెండు వేల రూపాయల హెడ్‌ఫోను కొన్నవానికి కూడా నాలుగు వాట్ల ఆంప్లిఫయరు కావలెననటం, గోదావరికి వరద వచ్చిందని ముత్తుకూరులో పడవ కొనిపించటం వంటిది.

వాట్లను సమర్థించేవారికి బలమైన వాదం మరొకటి ఉన్నది. పాట సగటు స్థాయి వేరు, దానిలోని శిఖరాలు వేరు. డప్పు దెబ్బ, మృదంగపు చాపు సగటుకంటె 15, 20 డెసిబెలులు పైకి లేస్తాయి. ఆంప్లిఫయరు సగటుకే సరిపోయి శిఖరంవద్ద చాలకపోతే ఆ దెబ్బ తల తెగినట్లు మొద్దుబారి, గరగరలాడుతుంది. కనుక మిగులు శక్తి ఉండవలెనంటారు. ఈ మాట పూర్తిగా నిజం. కాని మిగులు ఎంతో లెక్క వేసి చెప్పరు. నెమ్మదిగా వినేవాని సగటు 70, 75 డెసిబెలులు. దానికి 20 కలిపితే 95. చాల బిగ్గరగా వినేవాని సగటు 85 అనుకొన్నా శిఖరం 105. పైన హెచ్.డి. 650కి వేసిన లెక్క 110నుంచి మొదలైనది. ఆ మిగులు అందులోనే ఉన్నది. మిగులుకు మళ్ళీ మిగులు, దానిపై మరొక మిగులు చేర్చుకొంటూ పోతే మిల్లీవాట్లు వాట్లు కావటానికి ఎంతోసేపు పట్టదు.

‘లెక్కలెందుకు, కొత్త ఆంప్లిఫయరు పెట్టగానే పాట నిండుగా, జీవంతో వినబడింది’ అనేవారు ఉన్నారు. వారు అబద్ధమాడటం లేదు. అట్లా వినబడటానికి కారణం వేరు. అమెరికాలోని బెల్ ప్రయోగశాలలలో ఫ్లెచర్, మన్‌సన్ అనే శాస్త్రజ్ఞులు 1933లో చెవి స్వభావంపై ప్రకటించిన కొలతల ప్రకారం, ధ్వని మెల్లగా ఉన్నప్పుడు చెవికి మంద్రస్వరాలు చాల తక్కువగా తెలుస్తాయి. ధ్వని పెరిగినకొద్దీ అవి పుంజుకొంటాయి. అనగా అదే పాట, అదే పరికరం, రెండు మూడు డెసిబెలులు పెంచితేనే నిండుగా తోస్తుంది. ఎక్కువ శక్తిగల ఆంప్లిఫయరులో మీట అదే స్థానంలో ఉంటే ధ్వని ఎక్కువ. వినేవాడు దానిని ‘బిగ్గర’ అనడు, ‘బాగు’ అంటాడు. రెండు ఆంప్లిఫయర్లను న్యాయంగా పోల్చాలంటే రెండింటి వోల్టేజిని మీటరుతో కొలిచి సమానం చేసి, ఏది ఏదో వినేవానికి చెప్పకుండా వినిపించవలెను. దుకాణంలో ఇట్లా వినిపించేవారు అరుదు. వీధిలో బెల్లం అమ్మేవాడు త్రాసు సరిచూస్తాడు. శాస్త్రం పేరుచెప్పి అమ్మే సరుకుకు ఆ పాటి పట్టింపు లేకపోవటం విచారకరం.

విడి ఆంప్లిఫయరు దండుగ అని మాత్రం అనరాదు. దానివల్ల మేలు కలిగే సందర్భాలు ఉన్నాయి, వాటికి వాట్లతో పని లేదు. ఏ ఆంప్లిఫయరుకైనా లోపల కొంత సొంత అవరోధం ఉంటుంది. కొన్ని పాత పరికరాలలో హెడ్‌ఫోను రంధ్రంవద్ద అది 120 ఓముల వరకు ఉండేది. హెడ్‌ఫోను అవరోధం అన్ని పౌనఃపున్యాలవద్ద ఒకటిగా ఉండదు. ఒకచోట 16 ఓములూ, మరొకచోట 48 ఓములూ ఉండే ఇయర్‌ఫోనును 120 ఓముల మూలానికి తగిలిస్తే, ఆ రెండు చోట్ల ధ్వని మధ్య దాదాపు 8 డెసిబెలుల తేడా వస్తుంది. పాట రూపమే మారిపోతుంది. మూలం ఒక ఓము అయితే ఆ తేడా మూడో వంతు డెసిబెలు. హెడ్‌ఫోను అవరోధంలో ఎనిమిదో వంతుకు మూలం మించకూడదని వాడుకలో ఉన్న నియమానికి ఇదే ఆధారం. ఇక గట్టి ఆంప్లిఫయరుకు సున్నితమైన ఇయర్‌ఫోను తగిలిస్తే పాట లేనప్పుడు కూడా ‘స్స్’ మనే చప్పుడు వినబడుతుంది. మీటను కొద్దిగా త్రిప్పగానే చెవులు అదురుతాయి గనుక మొదటి భాగంలోనే వాడుకోవలసి వస్తుంది. ఆ భాగంలో సాధారణపు మీటలకు కుడి ఎడమలు సమానంగా ఉండవు. పాట ఒక చెవివైపు ఒరిగిపోతుంది. అవసరానికి మించిన వాట్లు కొన్నవాడు ఈ లోపాలను కూడా కలిపి కొన్నట్లే. తీగలేని బ్లూటూత్ హెడ్‌ఫోను కొన్నవానికి ఈ చర్చతో నిమిత్తం లేదు. దాని ఆంప్లిఫయరు దానిలోనే, దానికి తగినంతగా, ఉన్నది.

ఇంతవరకు డబ్బు సంగతి. చెవి సంగతి అంతకంటె పెద్దది. ముత్తుకూరు చుట్టుపట్ల రొయ్యల చెరువులు ఉన్నాయి. నీటిలోకి గాలి ఎక్కించటానికి రాత్రింబగళ్ళు ఏరేటర్లు తిరుగుతాయి. రెండు హార్సుపవర్ల మోటారు అంటే దాదాపు 1,500 వాట్లు. ఆ గట్టున కూర్చుని చెవిలో ఇయర్‌ఫోను పెట్టుకొని పాటలు వింటున్న కాపలావాని ఇయర్‌ఫోను మిల్లీవాటుకు 105 డెసిబెలులు పలికేదైతే, నెమ్మదైన చోట 75 డెసిబెలుల పాటకు అది తీసుకొనే శక్తి ఒక మైక్రోవాటు. మోటారు దానికి 150 కోట్ల రెట్లు. కాని మోటారు రొద వల్ల పాట వినబడదు. కాపలావాడు ధ్వనిని పెంచుతాడు. రొద 75 డెసిబెలులు ఉంటే పాటను 85కు తీసుకొనిపోతాడు. విద్యుత్తు పరంగా అది పది మైక్రోవాట్లు మాత్రమే. ఫోను సునాయాసంగా ఇస్తుంది. చెవికి మాత్రం అది సునాయాసం కాదు.

ప్రపంచ ఆరోగ్య సంస్థ, అంతర్జాతీయ టెలికమ్యూనికేషన్ సంఘం కలిసి 2019లో ప్రకటించిన ప్రమాణం ప్రకారం పెద్దలు సగటున 80 డెసిబెలుల ధ్వనిని వారానికి 40 గంటల వరకు వినవచ్చును. పిల్లలకు 75 డెసిబెలులే హద్దు. ప్రతి 3 డెసిబెలులకు గంటలు సగమవుతాయి. 83కు 20 గంటలు, 86కు 10, 89కి 5. పెద్దల లెక్కనే 85 డెసిబెలులకు వచ్చేది వారానికి 12 గంటల పైచిలుకు. చెరువు గట్టున ఒక్క రాత్రి కాపలాతో వారం కోటా అయిపోతుంది. లోపలి చెవిలోని కేశకణాలు ఒకసారి చచ్చిపోతే మనిషిలో తిరిగి మొలవవు. వినికిడి పోవటం కూడా మొదట ఎత్తైన స్థాయిలలో, తెలియకుండా జరుగుతుంది. తెలిసేనాటికి పోయినది తిరిగి రాదు. కాపలావానికి కావలసింది శక్తి కాదు. చెవి కాలువలో బిగుతుగా అమరే రబ్బరు మూతి. అది సరిగా అమరితే బయటి రొద 15, 20 డెసిబెలులు తగ్గుతుంది, పాటను 70కే వినవచ్చును. రెండు చెవులూ మూసుకొన్నవాడు కాపలా ఏమి కాస్తాడన్నది చెరువు యజమాని ప్రశ్న. అటువంటి ఇయర్‌ఫోనును రెండు వాట్ల ఆంప్లిఫయరుకు తగిలిస్తే కాగితంపై వచ్చే లెక్క 138 డెసిబెలులు. పొరపాటున మీటకు చేయి తగిలితే ముందు మాడిపోయేది ఇయర్‌ఫోనో, చెవో చెప్పటం కష్టం.

అంకెలతో ఆడుకోవటం ఈ వ్యాపారానికి కొత్త కాదు. అయిదారు వాట్ల అడాప్టరుతో నడిచే చిన్న స్పీకర్లపై ‘1,000 వాట్లు పి.ఎం.పి.ఓ.’ అని ముద్రించి అమ్మిన రోజులు చాలమందికి జ్ఞాపకం ఉంటాయి. గోడలోనుంచి ఆరు వాట్లు తీసుకొనే పరికరం వెయ్యి వాట్లు ఎట్లా ఇస్తుందని ఎనిమిదవ తరగతి విద్యార్థి అడిగినా ఆ పెట్టె వద్ద జవాబు లేదు. ఇళ్ళలో వాడే ఆంప్లిఫయర్ల శక్తిని ఎట్లా కొలిచి ప్రకటించవలెనో అమెరికాలో ఫెడరల్ ట్రేడ్ కమిషను 1974లో నియమం పెట్టింది. హెడ్‌ఫోను ఆంప్లిఫయర్లపై నేడు కనబడే సంఖ్యలు అంతటి అబద్ధాలు కావు. నాలుగు వాట్లని వ్రాస్తే చాలవరకు నాలుగు వాట్లూ ఉంటాయి. అబద్ధం సంఖ్యలో లేదు, ఆ సంఖ్య కొనేవానికి అవసరమని నమ్మించటంలో ఉన్నది. ఇది మొదటిదానికంటె పట్టుకోవటం కష్టమైన మోసం. ఏ మీటరుతో కొలిచినా సంఖ్య సరిగానే తేలుతుంది.

తన చెవికి ఎంత కావలెనో తెలుసుకోవటానికి విద్యార్థికి వేరొకరి మాటతో పనిలేదు. బడిలోని ప్రయోగశాల చాలును. మిల్లీవోల్టుల ఏ.సి. శ్రేణిగల మల్టీమీటరు కావలెను. బజారులో దొరికే చౌకరకం మీటరులో ఏ.సి. 200 వోల్టుల శ్రేణితో మొదలవుతుంది. అది ఈ పనికి రాదు. ఒక రంధ్రాన్ని రెండుగా చీల్చే చిన్న తీగ, 32 ఓములదో 16 ఓములదో ఒక ఇయర్‌ఫోను ఉండవలెను. విద్యార్థి మొదట తనకు ఇష్టమైన పాటను తాను వినగల అత్యంత బిగ్గరగా పెట్టుకోవలెను. మీటను అక్కడే వదిలి, ఇయర్‌ఫోనును చెవినుంచి తీసివేయవలెను. ఈ జాగ్రత్త తప్పనిసరి, తరువాత వచ్చే ధ్వని చెవిలో భరించరానిది. అప్పుడు ఆ ఫోనులోనే, ఫైలులో పట్టగల గరిష్ఠస్థాయిలో రికార్డు చేసిన 200 హెర్ట్‌జుల నిలకడ స్వరాన్ని వేయవలెను. ఏ పాటలోని ఏ శిఖరమూ ఆ స్థాయిని దాటలేదు. ఇయర్‌ఫోను తగిలి ఉండగానే చీలిక తీగ రెండవ కొసవద్ద, ప్లగ్గు మొనకూ మొదలుకూ మధ్య వోల్టేజి కొలవవలెను. వోల్టేజిని వర్గం చేసి ఓములతో భాగిస్తే, ఆ విద్యార్థికి ఎన్నడైనా కావలసిన గరిష్ఠశక్తి వాట్లలో వస్తుంది. 32 ఓములవద్ద మీటరు 0.1 వోల్టు చూపితే ఆ శక్తి 0.0003 వాటు. తరగతిలోని నలభైమందీ కొలిచి నల్లబల్లమీద వరుసగా వ్రాస్తే, దశాంశపు చుక్క తరువాత ఎన్ని సున్నలు వేయవలెనో అందరికీ ఒకేసారి కనబడుతుంది.